కాజాలు

ఎనిమిది నెలలు నా ఎడమపక్క ఒక సంచి.
గ్రీమ్స్‌పేటలో నేను కుట్టే రవికెలకు జేబులుండవు.
నా లంగాకు మాత్రం ఒకటి కుట్టుకున్నాను,
నాడాకు కిందుగా, ఎవరి కంటా పడకుండా.

మొదటి ఆపరేషన్ నాకు గుర్తు లేదు.
పేగు మెలిపడిందన్నారు.
ఆంబులెన్సు పూతలపట్టు దాటేటప్పుడు
దొరస్వామి నా చెప్పులు ఒళ్ళో పెట్టుకోని ఉన్నింది, అదొకటే గుర్తు.
కండ్లు తెరిస్తే పొట్టమీద ఒక ఎర్రటి నోరు.
భయపడతానని నర్సు గుడ్డ కప్పింది.
భయం తర్వాత. ముందు నాకు పనితనం కనిపించింది:
అంచు బయటికి మడిచి చుట్టూ కుట్టేసినారు,
చొక్కా చేతికి పట్టీ తిప్పినట్టు.
ఎవరిదో బాగా పని నేర్చిన చెయ్యి.

ఆ నోటికి వేళాపాళా లేదు.
కొలతలిస్తా నిలబడిన పెండ్లికూతురి ముందర గురగురమనేది.
నేను ఉత్త గుడ్డమీద మిషను తొక్కేదాన్ని,
దారం లేకుండా, సూది టకటకమంటా,
ఆ చప్పుడు ఈ చప్పుడును మింగేదాకా.
"ఏం కుడతా ఉండావక్కా?" అనేది ఆ పిల్ల.
ఏం కుడతా ఉంటినో ఈ పొద్దుకీ చెప్పలేదు.

సంగటి తగ్గించినాను. క్యాబేజీ మానేసినాను.
శెనక్కాయల ఊరిబిండి వాసన చూసి పక్కన పెట్టినాను.
మిగిలిన ముక్కలతో సంచికి తొడుగులు కుట్టినాను, ఏడు.
ఆదివారానికి పట్టుది. వానాకాలానికి పాలిస్టరు, బిరీన ఆరుతుందని.
"దీనికి జరీ అంచెందుకే?" అన్నాడు దొరస్వామి.
నేనేమీ అనలేదు.
ఆయనే తీసుకుపోయి తీగమీద ఆరేసి వచ్చినాడు.

తిరుపతిలో డాక్టరు హిమజ కాగితంమీద నాలుగు చుక్కలు పెట్టింది.
"ఈసారి పొట్టంతా కొయ్యమమ్మా.
ఒక రంధ్రంలో కెమెరా, మిగతావాటిలో మా చేతులు.
టీవీలో చూస్తా లోపలే కలిపేస్తాం."
రంధ్రం ఎంతుంటుందని అడిగినాను.
చిటికెన వేలి గోరు చూపించింది.
"కాజా అంత" అన్నాను.
ఆమెకు తినే కాజా గుర్తొచ్చినట్టుంది, నవ్వింది.
దొరస్వామి చొక్కా గుండీ ఒకటి విప్పి చూపించినాను.
ఆయన సిగ్గుతో తల దించుకున్నాడు.

కలిపేది దారంతో కాదంట, పిన్నులంట,
గుండ్రంగా ఒక్క నొక్కుకే పడేవి.
ఇరవయ్యేండ్లుగా కుట్టేదాన్ని, నాకు నమ్మకం కుదరలేదు:
పిన్ను కొట్టిన గుడ్డ ఎప్పుడైనా నిలిచిందా?
"గుడ్డ తనంతట తాను అతుక్కోదు గదమ్మా.
ఒళ్ళు అతుక్కుంటుంది.
మేము దగ్గరికి చేర్చి పట్టుకుంటాం, అంతే."

మూడు రోజులు వార్డంతా నన్ను అడిగింది ఒకటే.
పొద్దున రూత్ సిస్టరు: "గాలి పోయిందా?"
మధ్యాన్నం డ్యూటీ డాక్టరు: "గాలి పోయిందా?"
ఊడ్చే ఆమె చీపురు ఆపి: "పోయిందా మే?"
దొరస్వామి ఫోనులో గొంతు తగ్గించి: "అదీ..."

కిటికీలో రాత్రంతా ఘాట్ రోడ్డు బస్సుల దీపాలు
వంపు దగ్గర మాయమై, పైవంపులో తేలతా ఉన్నాయి.
నా లోపల కూడా ఏదో మలుపులో ఆగి ఉన్నింది.

నాలుగో తెల్లవారుజామున, టీ వాని కేకకంటే ముందు,
పోయింది.
దాని దారిన అది, ఏ సిగ్గూ లేకుండా.
ఎనిమిది నెలలుగా నాకు చెప్పకుండా పోయేది
ఈసారి నన్ను అడిగి పోయింది.
ఏడ్చినాను.
"పన్నెండో బెడ్డు, పోయింది!" అని అరిచింది రూత్ సిస్టరు.
ఎవరో చప్పట్లు కొట్టినారు.

కొట్టనిది పదమూడో మంచం.
మునిలక్ష్మి. పలమనేరు టమాటా మండీలో తట్టలెత్తే మనిషి.
నిన్ననే థియేటరు నుంచి వచ్చింది, ఎడమపక్క కొత్త సంచితో.
దుప్పటి ఎత్తి చూసుకోదు, ఇంకొకర్ని చూడనీదు.
గోడవైపు తిరిగి ఉంది.

ధైర్యం చెప్పడం నాకు రాదు.
కమ్మీ పట్టుకోని లేచినాను,
కాజాలు నాలుగూ సలపరిస్తా ఉండగా.
టేపు లేదు. దుప్పటిమీదనే జాన పెట్టి కొలిచినాను.
"జానకు రెండు వేళ్ళు తక్కువ.
అంచు ఏ రంగు వెయ్యమంటావు?"

చానాసేపటికి గోడవైపు నుంచి,
"దీనికి అంచు కూడా ఉంటుందా?"